యాభై నాలుగు నిమిషాల మోత

సరిగ్గా రెండున్నరకు ఇన్‌స్పెక్టర్ డాన్స్ హాలు తాళం తీశాడు.

“మూడున్నర,” అన్నాడు చేతి గడియారం చూపిస్తూ. “కోర్టు మీకిచ్చింది గంట. అరవై ఒకటో నిమిషానికి మిమ్మల్ని నేనే బయటికి సాగనంపుతా. చెవులపిల్లి గారు త్వరగా కానిస్తే మంచిది.”

డిటెక్టివ్ అతన్ని దాటుకుని లోపలికి నడిచింది. ఆ పేరు ఆమెకు చిన్నప్పుడు అన్నలు పెట్టింది. ఇంట్లో ఏ మూల ఏ చప్పుడైనా ముందు ఆమె చెవినే పడేది, ముందుగా జడుసుకునేదీ ఆమే. పన్నెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి, ఆ కొలువు పోయాక డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. చెవులు అలాగే ఉన్నాయి. భయమూ అలాగే ఉంది. ఇప్పుడు కూడా అరచేతులు చెమర్చి, కోర్టు కాగితం మెత్తబడిపోయింది.

హాల్లో ఒక్క లైటే వేశారు. నల్లటి నేల మీద పోయిన ఆదివారం నాటి చెప్పుల గీతలు అలాగే ఉన్నాయి. నాలుగు మూలలా మనిషెత్తు స్పీకరు పెట్టెలు. ఎదురుగోడకు, పై అంతస్తు ఎత్తులో, మందపాటి అద్దాల గది. అందులోనే పోయిన ఆదివారం సాయంత్రం అందరూ ‘బొంగరం’ అని పిలుచుకునే డీజే కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయాడు. వెనకనుంచి ఎవరో మెడకు తాడు బిగించారు. ఆ తాడు ఇంతవరకు దొరకలేదు.

మర్నాడు సోమవారం అతను విచారణ సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి. ఆరు నెలల కిందట ఇదే హాల్లో వైర్లు కాలి పొగ కమ్మినప్పుడు వెనక తలుపుకి తాళం వేసి ఉంది. ఇద్దరు ఆడపిల్లలు ఆ తలుపు దగ్గరే ఊపిరాడక పోయారు. ఆ తాళం వేసిన చెయ్యి ఎవరిదో అద్దాల గదిలోంచి బొంగరం చూశాడు. పేరు మాత్రం ఎవరికీ చెప్పలేదు. వాళ్లక్క అడిగితే, “రేపు అందరి ముందూ చెప్తా కదే, ఒక్క రోజు ఓర్చుకో” అన్నాడట.

ఇన్‌స్పెక్టర్ పట్టుకున్నది ఆ అక్క మొగుణ్ని. బొంగరానికి బావ. “ఈ సాక్ష్యాలూ గొడవలూ మనకెందుకురా” అని ఆదివారం పొద్దున్న ఇద్దరూ గట్టిగా అరుచుకున్నారు. ఐదూ ముప్పై తొమ్మిదికి పాట ఆగింది. ఐదూ నలభై ఒకటికి బావ అద్దాల గది మెట్లమీంచి పిచ్చివాడిలా దిగి వీధిలోకి పరుగెత్తాడు. ఇంకేం కావాలి?

“నేను వెళ్లేసరికే చల్లబడిపోయాడమ్మా,” అని జైలు కటకటాల అవతల బావ ఏడ్చిన ఏడుపు డిటెక్టివ్ చెవుల్లో ఇంకా ఉంది. “చెయ్యి పట్టుకుంటే చల్లగా... నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.”

రెండు నిమిషాల ముందు దాకా పాట వేస్తున్నవాడి చెయ్యి చల్లగా ఎలా ఉంటుంది? ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే ఆమె కోర్టు దాకా వెళ్లింది.

“నమస్కారం మేడమ్.”

డిటెక్టివ్ ఉలిక్కిపడింది. హాలు ఓనరు ఎప్పుడు వచ్చి వెనక నిలబడ్డాడో తెలియలేదు. ఆమె చెవులకే తెలియకుండా నడిచే మనిషి! యాభై దాటినవాడు, శుభ్రంగా ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, గుళ్లో మాట్లాడుతున్నంత మెల్లటి గొంతు.

“మెట్ల తలుపు తాళంచెవి సార్‌కి ఇచ్చేశాను. ఇంకేం కావాలన్నా అడగండి. బొంగరం నాకు తమ్ముడిలాంటివాడు.”

“ఆదివారం పాటలు వినిపిస్తున్నప్పుడు మీరెక్కడున్నారు?”

“నాలుగూ యాభై ఐదు నుంచి నా ఆఫీసు గదిలో. ఇన్‌స్పెక్టర్ గారు ఎదురుగానే ఉన్నారు. మర్నాడు విచారణకి బందోబస్తు సంగతి మాట్లాడుకున్నాం.”

“పాట ఆగేదాకా నా కళ్ల ముందునుంచి కదల్లేదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఇంతకంటే గట్టి సాక్షి మీకు దొరకడు మేడమ్. రాసుకోండి.”

ఆమె రాసుకుంది. తర్వాత తలెత్తి, “నాలుగూ యాభై ఐదుకి ముందో?” అంది.

ఓనరు చిన్నగా నవ్వాడు. “హాల్లోనే, అటూ ఇటూ తిరుగుతూ. మూడొందలమంది వచ్చారు కదా. ఎవర్ని అడిగినా చూశామనే చెప్తారు.”

చెప్పి అతను తన ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఆ గది అద్దాల గదికి సరిగ్గా కింద.

రెండూ ముప్పై ఎనిమిది.

కూల్‌డ్రింకుల కౌంటర్ ఆవిడ అప్పటికే వచ్చి తన స్టూలు మీద కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయి. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. ఆమె పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, ఒక స్పీకరు పెట్టె.

“పిన్నీ, ఇక్కడ ఎన్నాళ్లుగా చేస్తున్నారు?”

“తొమ్మిదేళ్లమ్మా.”

“ఇంత మోతలో చెవులు బాగానే ఉన్నాయా?”

“నా చెవులకేం, రాళ్లు. మా ఆయన గురకకి లేస్తాను గానీ ఈ పాటలకి మాత్రం కునుకు పడుతుంది.” ఆవిడ నవ్వబోయి, ఇన్‌స్పెక్టర్ని చూసి ఆగిపోయింది.

“ఆదివారం పాట మధ్యలో ఏమన్నా ఆగిందా?”

“ఆగిందమ్మా. ఓ అర నిమిషం. కుర్రాళ్లంతా ఈలలేసి, ‘బొంగరం, బొంగరం’ అని అరిచారు. మళ్లీ మొదలైంది.”

“నాలుగూ నలభై నాలుగు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ విసుగ్గా. “నా రిపోర్టులో ఉంది. కరెంటు సమస్య అని ఓనరుగారు చెప్పారు.”

“కరెంటు పోతే లైట్లు ఆరాలి కదండీ. ఆరాయా పిన్నీ?”

“లేదమ్మా. ఫ్రిజ్ కూడా తిరుగుతూనే ఉంది.”

“మళ్లీ మొదలయ్యాక పాట ముందులాగే ఉందా?”

ఆవిడ ఒకసారి ఆఫీసు గది తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది. “పాట బాగానే ఉంది. కానీ గుయ్‌మని ఒక మోత. చెవిలో దోమ దూరినట్టు. డాన్సు చేసేవాళ్లకి తెలియదులే, నేను పెట్టె పక్కనే ఉంటా కదా. పాట నెమ్మదించినప్పుడల్లా గుయ్‌... గుయ్‌మని. నా స్టూలు కూడా అవతలికి జరుపుకున్నా.”

“ఎంతసేపు?”

“చివరిదాకా ఉందమ్మా. పాట అయిపోయాక కూడా ఆ మోత పోలేదు. నాకదే వింత. బొంగరం అలాంటివి అస్సలు పడనివాడు. పోయినేడు ఇలాంటి మోతే వస్తే, పాట మధ్యలో ఆపేసి, కిందికి దిగొచ్చి, నాలుగు పెట్టెల దగ్గరా చెవి పెట్టి విన్నాడు. వారంలో ఏదో కొత్త డబ్బా కొనుక్కొచ్చుకున్నాడు. ‘పిన్నీ, ఇప్పుడు విను, పాలలాగా ఉంటుంది’ అని నాకే మొదట వినిపించాడు.”

ఆవిడ కళ్లు నిండాయి. డిటెక్టివ్ ఆ మాట రాసుకుని కింద గీత గీసింది. అంత మోత పడనివాడు దాదాపు గంటసేపు ఎందుకు ఊరుకున్నాడు?

“ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?”

“ఎవరూ అడగలేదమ్మా.”

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు.

రెండూ నలభై ఏడుకి అద్దాల గది సీలు తెంచారు. లోపల గాలి ఆడక మూసిన బీరువాలా ఉంది. ఒక బల్ల, దాని మీద ల్యాప్‌టాప్, చార్జరు, పాటలు కలిపే మీటల పలక, హెడ్‌ఫోన్లు, ల్యాప్‌టాప్ వెనక గుత్తిగా వైర్లు. కుర్చీ గోడ వైపు తిరిగి ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. నిలబడే పని మొదలుపెట్టింది.

సౌండు సామాన్లు రిపేరు చేసే ఒక ముసలాయన దగ్గర ఆమె రెండు రోజులు కూర్చుని పాఠం చెప్పించుకుంది. అందుకని వైర్లను చూడగానే ఆగిపోయింది.

“ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ చిన్న డబ్బా ఏమిటో తెలుసా?”

అగ్గిపెట్టెకి రెట్టింపు ఉన్న నల్ల డబ్బా. ఒక తోకవైరు ల్యాప్‌టాప్‌కి గుచ్చి ఉంది.

“ఏదో కంప్యూటర్ సామాను.”

“రెండో సౌండ్‌కార్డు. డీజేకి శబ్దం రెండు దారుల్లో వెళ్లాలి. ఒకటి హాలుకి, ఒకటి తన చెవికి. హాల్లో ఒక పాట ఆడుతుండగానే తర్వాతి పాట తను చాటుగా వినాలి, రెండిటి తాళం కలపాలి, అప్పుడు వదలాలి. ల్యాప్‌టాప్‌లో పుట్టుకతో ఉండే సౌండ్‌కార్డు ఒక్కటే. ఒక్కదానితో ఒక్క దారే. అందుకని రెండోది బయటినుంచి తగిలిస్తారు. పిన్ని చెప్పిన కొత్త డబ్బా ఇదే.”

“అయితే?”

“ఈ టేపులు చూడండి. బొంగరం గుర్తుకోసం అంటించుకున్నాడు. హాలుకి వెళ్లే వైరుకి పసుపు టేపు. ఈ డబ్బా మీద కూడా పసుపే. అంటే హాలు వైరు డబ్బాలో ఉండాలి. హెడ్‌ఫోన్ల వైరుకి ఎరుపు. ల్యాప్‌టాప్ పక్కనున్న రంధ్రానికీ ఎరుపు. ఇప్పుడెలా ఉన్నాయి?”

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. పసుపు వైరు ఎరుపు రంధ్రంలో ఉంది. ఎరుపు వైరు పసుపు డబ్బాలో.

“తారుమారు,” అన్నాడు. వెంటనే భుజాలు ఎగరేశాడు. “మనిషన్నాక మార్చుకుంటాడు. దీనికోసమా నా ఆదివారం, సోమవారం, ఇవాళ, అన్నీ తగలేస్తున్నారు?”

“పది నిమిషాలివ్వండి.”

ఆమె అద్దం కిటికీ తెరిచింది. “పిన్నీ! నేను మూడుసార్లు పాట వేస్తా. మోత వస్తే చెప్పండి.”

ల్యాప్‌టాప్ తెరిచింది. పాస్‌వర్డు బొంగరం వాళ్లక్క చెప్పింది, మేనకోడలి ముద్దుపేరు. వైర్లు తారుమారుగా ఉన్నవాటిని ఉన్నట్టే ఉంచి, చార్జరు గుచ్చి, ఒక నెమ్మదైన పాట వేసింది.

పాట వెనకనుంచి సన్నగా గుయ్‌మంది.

“అదే! అదేనమ్మా!” కిందినుంచి కేక.

చార్జరు పీకేసింది. మోత టక్కున ఆగింది. మళ్లీ గుచ్చింది. మళ్లీ గుయ్‌.

“చార్జరులోంచి వచ్చే మోత ల్యాప్‌టాప్ సొంత రంధ్రంలోంచి హాలుకి పోతోంది. ఇది పడకే అతను రెండో కార్డు కొన్నాడు.”

పసుపు వైరు తీసి నల్ల డబ్బాకి పెట్టింది, డబ్బా మీద ఉన్న మీటను పూర్తిగా పైకి తిప్పింది. పాట తేటగా, నిండుగా మోగింది.

“ఇప్పుడు పాలలాగా ఉందమ్మా!” అంది కింద గొంతు, చివర్లో జీరపోయి.

డిటెక్టివ్ పాట ఆపేసింది. ఆఫీసు గది సరిగ్గా కిందే ఉందని గుర్తొచ్చి అద్దం కిటికీ మూసి, గడియ కూడా పెట్టింది. ఇక చెప్పబోయే మాటలు నాలుగు గోడలు దాటకూడదు.

మూడు గంటల నాలుగు నిమిషాలు.

“ఇప్పుడు అసలు సంగతి,” అంది. “ల్యాప్‌టాప్ తనకి ఏది గుచ్చినా, ఏది పీకినా టైముతో సహా రాసిపెట్టుకుంటుంది. చదువుతున్నా, మీ రిపోర్టు పక్కన పెట్టుకోండి. ఆదివారం, నాలుగూ నలభై నాలుగు. సౌండ్‌కార్డు పీకేశారు.”

“అప్పుడే పాట ఆగింది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, తెలియకుండానే.

“నాలుగూ నలభై ఐదు. పెన్‌డ్రైవ్ పెట్టారు. ఇలాంటివి గుచ్చడానికి ఇక్కడున్నవి రెండే రంధ్రాలు. ఒకటి విరిగిపోయి అతనే ప్లాస్టరు వేసుకున్నాడు, చూడండి. పెన్‌డ్రైవ్ పెట్టాలంటే సౌండ్‌కార్డు పీకక తప్పదు. అది పీకితే హాలుకి శబ్దం పోదు. కంగారులో హాలు వైరు తెచ్చి ల్యాప్‌టాప్ రంధ్రంలో దూర్చారు. అక్కణ్నుంచి మోత మొదలైంది.”

“ఎవరు దూర్చారు? వాడే అయుండొచ్చు కదా?”

“పాటల చిట్టా చూడండి. అప్పటిదాకా మూడు నాలుగు నిమిషాలకొక పాట మారింది. నాలుగూ నలభై ఐదు తర్వాత ఒకే ఒక్క పాట. యాభై నాలుగు నిమిషాల పాట! అంటే ఎప్పుడో బొంగరమే హాల్లో కలిపిన పాటల్ని ఎవరో గుట్టుగా రికార్డు చేసి దాచారు. అదే పెట్టి వదిలారు. నాలుగూ నలభై ఐదుకి యాభై నాలుగు కలపండి.”

ఇన్‌స్పెక్టర్ పెదవులు కదిలాయి. “ఐదూ ముప్పై తొమ్మిది.”

“పాట ఎవరూ ఆపలేదు. అయిపోయింది, అంతే. మూడొందలమంది గంటసేపు డాన్సు చేస్తుంటే, పైన ఈ కుర్చీలో...” ఆమె మాట పూర్తి చెయ్యలేకపోయింది. కుర్చీ వైపు చూడకుండా ఉండాలని ఎంత అనుకున్నా చూసింది. “బావ పట్టుకున్న చెయ్యి ఊరికే చల్లగా లేదు. అప్పటికి అతను పోయి గంటయింది.”

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. “బాగుందమ్మా కథ! అయితే ఆ బావే నాలుగూ నలభైకి వచ్చి చంపి, ఇవన్నీ చేసి, ఏమీ ఎరగనట్టు కింద నిలబడి ఉండొచ్చు. ఆ ముక్క మీకు తట్టలేదా? ఇరవై ఏళ్ల సర్వీసు నాది. టెలిఫోన్లు కలిపినవాళ్లు వచ్చి నాకు హత్యలు నేర్పక్కర్లేదు.”

“బావని మీరు ఎన్నింటికి పట్టుకున్నారు?”

“ఐదూ నలభై ఎనిమిది. వీధి చివర. మా కానిస్టేబులే పట్టుకున్నాడు. జీపులో కూర్చోబెట్టాడు.”

“ఇదిగో, మిగిలిన రెండు వరసలు మీరే చదవండి. నేను చదివితే నమ్మరు.”

ఆమె పక్కకి జరిగింది. ఇన్‌స్పెక్టర్ తెర మీదికి వంగాడు. ఒకసారి చదివాడు. కళ్లు నులుముకుని మళ్లీ చదివాడు.

“ఐదూ యాభై రెండు, పెన్‌డ్రైవ్ తీశారు. ఐదూ యాభై మూడు... సౌండ్‌కార్డు పెట్టారు.”

“అప్పటికి బావ మీ జీపులో నాలుగు నిమిషాలుగా ఉన్నాడు. ఐదూ యాభై రెండుకి ఈ గదిలో ఎవరున్నారు ఇన్‌స్పెక్టర్ గారూ?”

అతని మెడ మీదినుంచి చెమట కాలర్లోకి జారడం ఆమెకు కనిపించింది.

“బావ కేక వినగానే నేనూ ఓనరుగారూ పైకొచ్చాం,” అన్నాడు చివరికి. గొంతులో ఇందాకటి బిగువు లేదు. “సిగ్నల్ అందక నేను మెట్ల దగ్గరికి వెళ్లి స్టేషన్‌కి ఫోన్ చేశాను. రెండు మూడు నిమిషాలు. ‘సార్, మీరు వెళ్లండి, నేను శవం దగ్గర ఉంటా, పాపం ఒంటరిగా వదలకూడదు’ అన్నాడు. మంచి మనిషి అనుకున్నా.”

“అలా అనుకోవాలనే మిమ్మల్ని ఆ రోజు పిలిచాడు. బందోబస్తు సంగతి ఫోన్లో మాట్లాడుకోలేరా?”

“నన్ను సాక్షిగా వాడుకున్నాడు.” ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. “నా ఎదురుగా కూర్చుని, పైన పాట వినపడుతుంటే, ‘ఇవాళ మావాడు భలే ఊపు మీదున్నాడు సార్’ అన్నాడు. నవ్వాడు కూడా. నేనూ నవ్వానమ్మా.”

మొదటిసారి అతను ఆమెను వెటకారం లేకుండా అమ్మా అన్నాడు. డిటెక్టివ్‌కి గెలిచినట్టు అనిపించలేదు. ఇప్పటిదాకా పేరు తెలియని హంతకుడికి భయపడింది. ఇప్పుడు వాడి పేరుతోపాటు, వాడు సరిగ్గా పన్నెండడుగుల కింద కూర్చున్నాడని కూడా తెలిసింది.

“ఇప్పుడేం చేద్దాం?” ఇన్‌స్పెక్టరే అడిగాడు. “వెళ్లి పట్టుకోనా?”

“తొందరపడకండి. ఈ చిట్టా ఒక్కటే అయితే, గడియారం తప్పు అనో, మనమే దిద్దామనో కోర్టులో కొట్టిపారేస్తారు. నాలుగూ నలభై ఐదు నుంచి మోత విన్న మనిషి ఒక్కతే ఉంది. పిన్ని. ఆవిడ నోట్లోంచి ఆ మాట రావాలి. అంతదాకా ఆవిడ బతికి ఉండాలి.”

“స్టేషన్‌కి తీసుకెళ్తా.”

“స్టేషన్‌కి ఆయన రోజూ వస్తాడు, టీలు పంపిస్తాడు. వద్దు. పెద్ద మందుల షాపు పైన మేడ మీద మా పెదనాన్న ఉంటున్నాడు. ఇక్కణ్నుంచి నేరుగా అక్కడికి పంపిద్దాం. ఓనరుకి ఏ మాత్రం అనుమానం రాకూడదు. మనం కిందికి వెళ్లి, ఏమీ దొరకలేదని చెప్దాం. మీరు నన్ను నాలుగు తిట్టండి, అలవాటేగా.”

ఇన్‌స్పెక్టర్ నవ్వలేకపోయాడు. “నాలుగున్నరకి ఏదో సంతకం ఉందని ఆయన్ని స్టేషన్‌కి పిలుస్తా. వచ్చాక ఇక బయటికి పంపను. ఈ లోపల ల్యాప్‌టాప్?”

“మీ చేతుల్లో. క్షణం కూడా కింద పెట్టొద్దు.”

“సరే.” అతను గట్టిగా ఊపిరి వదిలాడు. “ఆ కౌంటర్ ఆవిడ లేకపోతే ఈ కేసు లేదన్నమాట.”

“లేదు.”

మూడూ పంతొమ్మిది. డిటెక్టివ్ కిటికీ దగ్గరికి వెళ్లింది. గడియ తీసి, అద్దం తోసి, కిందికి పిలిచింది.

“పిన్నీ!”

‘పిన్నీ!’ అంది హాలు.

ఆమె గొంతే. నాలుగు మూలల నాలుగు పెట్టెల్లోంచి, తేటగా, నిండుగా.

ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు. ప్రతిధ్వనేమో అనుకుంది. వెనక ఇన్‌స్పెక్టర్, “ఏమైంది?” అన్నాడు. ‘ఏమైంది?’ అన్నాయి నాలుగు పెట్టెలూ.

అప్పుడు తిరిగి చూసింది. నల్ల డబ్బా వెనక వైపునుంచి ఇంకో వైరు ల్యాప్‌టాప్ తెర చాటుకి పోయింది. దాని చివర, బొంగరం జనంతో మాట్లాడే పొట్టి మైకు. నెత్తిన ఎర్రటి చుక్క వెలుగుతోంది. ఆమె పసుపు వైరును ఆ డబ్బాకి పెట్టి మీటను పైకి తిప్పిన క్షణంనుంచీ ఆ మైకు హాలుకి కలిసిపోయింది. అద్దం బిగించుకుని, గడియ పెట్టుకుని, గుసగుసగా చెప్పుకున్న ప్రతి ముక్కా పదిహేను నిమిషాలుగా హాలంతా మోగుతూనే ఉంది. ఐదూ యాభై రెండు. పిన్ని ఒక్కతే. మందుల షాపు పైన మేడ. నాలుగున్నరకి స్టేషన్. ఆ కౌంటర్ ఆవిడ లేకపోతే ఈ కేసు లేదు.

డిటెక్టివ్ కిటికీ అంచు పట్టుకుని కిందికి చూసింది.

కౌంటర్ వెనక స్టూలు ఖాళీగా లేదు. పిన్ని దాని మీదే కూర్చుని ఉంది. కానీ మనిషి బొమ్మలా బిగుసుకుపోయి ఉంది. చేతిసంచీ ఒళ్లోంచి జారి నేల మీద పడినా వంగి తీసుకోలేదు. కళ్లు మాత్రం పైకి, కిటికీ వైపు, రెప్ప వెయ్యకుండా చూస్తున్నాయి.

ఆవిడ వెనక తెల్లచొక్కా. ఓనరు ఆప్యాయంగా, ఇంటి మనిషి నిలబడినట్టు, ఒక చెయ్యి ఆవిడ భుజం మీద వేసి నిలబడ్డాడు. రెండో చెయ్యి కనిపించడం లేదు. ఎంతసేపటినుంచి అలా వింటున్నాడో!

“పాపం, మీదేం తప్పు లేదు మేడమ్,” అన్నాడు ఆ మెల్లటి గొంతుతోనే. “బొంగరం కూడా మొదట్లో ఆ మైకు ఆపడం మర్చిపోయేవాడు.”

ఇన్‌స్పెక్టర్ ఆమెను తోసుకుని కిటికీలోకి వచ్చాడు. చూశాడు. ఒక్క ఉదుటున వెనక్కి తిరిగి మెట్లమీదికి దూకాడు. దబదబా అడుగులు కిందిదాకా వెళ్లాయి. తర్వాత తలుపును భుజంతో గుద్దిన చప్పుడు. ఒకసారి, రెండుసార్లు.

“మేడమ్,” అని మెట్ల అడుగునుంచి పిలిచాడు. అది పోలీసు గొంతులా లేదు. “వచ్చేటప్పుడు తాళంచెవి తలుపుకే వదిలేశాను. బయటినుంచి వేసేశాడు.”

కింద ఓనరు పిన్నిని నెమ్మదిగా లేపుతున్నాడు. ఆవిడ కాళ్లు నిలబడటం లేదు. వెనక ద్వారం వైపు ఆవిణ్ని నడిపిస్తూ, చెవిలో ఏదో చెప్తున్నాడు. ఇప్పుడు రెండో చెయ్యి కనిపించింది. అందులో మణికట్టుకు రెండు చుట్లు చుట్టిన సన్నటి నల్లతాడు ఉంది.

అరిస్తే హాలు దాటి వినపడదు. ఫోన్ చేసినా స్టేషన్ నుంచి జీపు వచ్చేసరికి అంతా అయిపోతుంది. దూకితే ఎముకలు మిగలవు. డిటెక్టివ్ పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఆ టకటక కూడా నాలుగు పెట్టెల్లోంచి పెద్దగా వినపడుతోంది. దానికి కింద తెల్లచొక్కా తల తిప్పి పైకి చూసింది. అడుగు ఆగింది.

ఆగింది! ఆమె అది గమనించింది.

ఈ గదిలో ఆమెకున్న ఆయుధం ఒక్కటే. ఇన్‌స్పెక్టర్ మళ్లీ తలుపు గుద్దే లోపల, పిన్ని ఆ ద్వారం చేరే లోపల, ఆ మనిషి కాళ్లను ఆ నల్లటి నేలకి కట్టిపడేసే మాట ఏదో ఒకటి కావాలి. అబద్ధమైనా సరే.

డిటెక్టివ్ చెయ్యి చాపింది. ఎర్రచుక్కను ఆర్పలేదు. మైకును నోటి దగ్గరికి లాక్కుని, మీటను ఇంకా పైకి తిప్పి, అంది:

“ఆగండి. పొగ కమ్మిన రోజు వెనక తలుపుకి తాళం వేసిన చెయ్యి ఎవరిదో బొంగరం ఒక్కడే చూశాడనుకున్నారా?”